కర్పూరం ఆర్పిన చెయ్యి

వెనక కూర్చున్నవాళ్లు ముందుకు జరగండి. నా గొంతు పెద్దది కాదు. చేతిలో పని ఉంటే మానుకోనక్కర్లేదు, చెనక్కాయలు ఒలుచుకుంటూనే వినండి. మొన్న నేను మూడు రోజులు ప్రయాణం పోయివచ్చాను. కాశీకో రామేశ్వరానికో కాదు. రొళ్ల పక్కనున్న మా ఊరి నుంచి హిందూపురం, పెనుకొండ మీదుగా ధర్మవరానికి. చదివింది నాలుగో తరగతే అయినా చూసింది మరిచిపోయే అలవాటు నాకు లేదు. ఆ ఊళ్లు చూడనివాళ్లకు చూపిస్తాను. కానీ నేను పోయింది ఊళ్లు చూడటానికి కాదు, ఒక మనిషిని వెనక్కి పిలుచుకు రావడానికి.

ఆ మనిషి పేరు రూతమ్మ. ముప్పై ఏళ్లు మా చేలో కూలి చేసింది. వాళ్ల వీధికీ శ్మశానానికీ మధ్య ఒక వంక ఉంది. వానాకాలంలో ఎవరైనా పోతే పాడెను మోకాటి లోతు నీళ్లలో మోసుకుపోవాలి. ఒకసారి పాడె మోసేవాడి కాలు జారి, పీనుగ నీళ్లలో పడింది. ఆ పీనుగ రూతమ్మ అత్తది. వంక మీద ఒక మోరీ, అంటే చిన్న వంతెన, కట్టించాలన్నది ఆమెకు అప్పటి నుంచీ పట్టుకున్న పట్టు.

అయిదేళ్ల కిందట సర్పంచి ఎన్నికలొచ్చాయి. సీటు ఆడవాళ్లది. ఓట్లంటే కొట్లాటలని, ఊరు రెండు ముక్కలవుతుందని పెద్దలు ఆంజనేయస్వామి గుడిలో కూర్చుని ఒక మాట అనుకున్నారు. పదవిని వేలం వేయాలి. ఎక్కువ పాడినవాళ్ల ఇంటి ఆడమనిషి సర్పంచి. ఆ డబ్బుతో స్వామికి గోపురం కట్టాలి. ఇంకెవరూ నామినేషన్ వేయకూడదు, వేసేవాళ్లకు సంతకం పెట్టకూడదు. ఈ ఒక్కసారికే కాదు, ఎప్పటికీ.

దానికి స్వామి ముందర కర్పూరం ఆర్పించారు. మా వైపు కర్పూరం ఆర్పడమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. పళ్లెంలో కర్పూరం బిళ్ల వెలిగించి ముందర పెడతారు. చెప్పాల్సిన మాట చెప్పి, మండుతున్న బిళ్లను అరచేత్తో అదిమి ఆర్పాలి. మాట తప్పితే ఆ ఇంట్లో దీపం అట్లాగే ఆరిపోతుందని నమ్మకం. నేనూ ఆర్పాను, మా ఇంటాయనా ఆర్పాడు. మందు సీసాకు ఓటు అమ్మినవాణ్ణి వీధిలో నిలబెట్టి తిట్టిన నోరు నాది. గోపురానికి అమ్ముతుంటే చేతులెత్తి మొక్కాను. స్వామికి ఇస్తున్నామనుకున్నాను, ఏమిస్తున్నామో ఆలోచించలేదు.

రూతమ్మ వీధివాళ్లను గుడి మెట్ల కిందే నిలబెట్టి, "మీరూ ఒప్పుకున్నట్టే" అన్నారు. రెండో రోజు పొద్దున ఆమె నామినేషన్ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అమ్మా, నేను కర్పూరం ఆర్పలే. నన్ను లోపలికే రానియ్యలే. నేను నిలబడొచ్చు. నీ చేవ్రాలు ఒకటి కావాల" అంది. ఊరి ఓటరు ఒకరు బలపరుస్తూ సంతకం పెడితేనే ఆ కాగితం చెల్లుతుంది. నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఆర్పిన చెయ్యే రూతమ్మా. ఈ చేత్తో రాస్తే నా ఇంట్లో దీపం ఆరిపోతాది."

ఆమె కాగితం మడిచి రవికెలో పెట్టుకుని వెళ్లిపోయింది. నామినేషన్ వేయలేకపోయింది. వేయాలనుకున్నందుకే కూలికి ఎవరూ పిలవలేదు, అంగట్లో ఉప్పు కూడా ఇవ్వలేదు. మేమూ పిలవలేదు. మూడు నెలలు చూసి, మొగుణ్ణి తీసుకుని ధర్మవరం వెళ్లిపోయింది.

ఇప్పుడు మళ్లీ ఎన్నికలు. మళ్లీ ఆడవాళ్ల సీటే. శుక్రవారం గుడిలో వేలమని, ఈసారి డబ్బు కల్యాణమండపానికని చాటింపు వేశారు. నామినేషన్లకు శనివారం ఆఖరు. గోపురానికి రంగులు వేసి రెండేళ్లయినా కాలేదు, వంక మాత్రం అట్లాగే ఉంది. నాకు నిద్ర పట్టలేదు. రూతమ్మను తీసుకొచ్చి, ఈసారి ఆ సంతకం పెట్టాలనుకున్నాను. ఇంట్లో మాత్రం మనవరాలికి పట్టుచీర చూసొస్తానని చెప్పి సోమవారం బస్సెక్కాను.

హిందూపురం

మొదటి తిప్పలు బస్సులోనే వచ్చాయి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా అని ధైర్యంగా సంచిలోంచి కార్డు తీసిచ్చాను. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమవ్వా, ఈ కార్డులో నీకు మీసాలుండాయే!"

బస్సంతా నవ్వింది. తొందరలో మా ఇంటాయన కార్డు తెచ్చుకున్నాను. పక్కన కూర్చున్న మడకశిర ఆమె నన్ను మోచేత్తో పొడిచి, "పోనీలే అక్కా, మొగుణ్ణి సంచిలో వేసుకుని తిప్పే భాగ్యం ఎంతమందికి ఉండాది?" అంది. టికెట్టు కొనుక్కున్నాను. నవ్వాను కూడా. ఇంట్లో రెండు కార్డులూ ఒకే డబ్బాలో ఉంటాయి. చెయ్యి పెడితే ఆయనదే పైకి వస్తుంది.

హిందూపురంలో దిగగానే చింతపండు వాసన, దాని వెనకే పట్టుగూళ్ల మార్కెట్టు వాసన. రెండూ కలిసి ముక్కులో కూర్చుంటాయి. అంగళ్లలో ఒక మాట తెలుగు, రెండో మాట కన్నడం. బస్టాండు ఎదురుగా ఉగ్గాని బజ్జీ తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. మా ఇంట్లో పుట్నాల పొడి గుప్పెడు చల్లుతాం. ఇక్కడ చిటికెడే వేశాడు. అడిగితే, "పొడికి వేరే దుడ్లు ఇస్తావా అవ్వా?" అన్నాడు.

నాకు అక్కడ ఒక పని ఉంది. ఆర్పిన కర్పూరం నుంచి విడుదల ఎట్లాగో తెలిసినవాళ్లను అడగాలి. మా ఊరి పూజారిని అడిగితే అరగంటలో ఊరంతా తెలిసిపోతుంది. బజారు వెనక సందులో ఒక చిన్న గుడి కనపడితే లోపలికి వెళ్లాను. పూజారికి నడివయసు ఉంటుంది. చెవి దగ్గర ఫోను పెట్టుకునే తీర్థం ఇచ్చాడు. మాట్లాడటం అయిపోయేదాకా కూర్చుని అడిగాను.

"యాడ ఆర్పినావో ఆడనే, ఆ స్వామి ముందరే టెంకాయ కొట్టి, నాది తప్పని నలుగురూ వినేటట్టు చెప్పాలమ్మా. గుట్టుగా చెప్తే చెల్లదు. ఇంతకూ ఏమని ఆర్పినావు?"

చెప్పాను. ఆయన గంధం గిన్నె పక్కకు జరిపాడు.

"గోపురం లేచిందా?"

"లేచింది సామీ. మూడంతస్తులు."

"మరింకేమమ్మా! ఓట్లేసి తలకాయలు పగలగొట్టుకోలేదు, గుడి లేచింది. ఇట్లాంటి ఊరు ఇంకోటి చూపించు నాకు. దాన్ని తప్పంటావేంది?"

చెడ్డవాడైతే తిట్టుకుని వచ్చేదాన్ని. పోయేటప్పుడు నా చేతిలో రెండు అరటిపళ్లు పెట్టి, ఎండలో తిరగొద్దని చెప్పి పంపాడు. అదే ఆలోచన ఆ రోజు మంచి మనిషి నోట్లో ఉంది, అయిదేళ్ల కిందట నా నోట్లోనూ ఉంది. ఆ రాత్రి పెద్దమ్మ కూతురి ఇంట్లో రాగి ముద్ద పెడితే సగం వదిలేశాను.

పెనుకొండ

పెనుకొండలో ఎక్కడ నిలబడినా కొండే కనపడుతుంది. ఒకప్పుడు రాజులు వేసవికి వచ్చి ఉండేవారట. కోట గోడల మీద ఇప్పుడు మేకలు మేస్తున్నాయి. మా ఊళ్లో మేకలకు అంత మంచి గోడ లేదు.

దర్గాకు వెళ్లాను. మా అమ్మ ఉన్నప్పుడు నన్ను చంకలో వేసుకుని తీసుకొచ్చేది, నాకు పుట్టుకతో వచ్చిన ఉబ్బసానికి మొక్కుకుని. హిందువులూ తురకలూ ఒకే వరసలో నిలబడతారు. ఆ వరసలో మాత్రం ఎవరూ ఎవర్నీ మెట్ల కింద నిలబెట్టలేదు. బయట గులాబీలు, చక్కెర పొట్లాలు అమ్ముతున్న ముసలాయన దగ్గర చెప్పులు వదిలాను. పేరు మస్తాన్ అన్నాడు. తిరిగొచ్చేసరికి నా చెప్పుల్లో ఒకటి లేదు. కుక్క ఎత్తుకుపోయింది. ఆయన తన బల్ల కింద నుంచి ఒక పాత రబ్బరు చెప్పు తీసి, "ఇది మగోళ్లదమ్మా, ఏమనుకోవద్దు" అన్నాడు. ఆ ప్రయాణంలో మొగుడి కార్డుతో, పరాయి మగాడి చెప్పుతో తిరిగాను నేను.

ఇద్దరం నవ్వుకున్నాం, ఆ నవ్వులో మాటలు కలిశాయి. ఇరవై ఎనిమిదేళ్లు ఏదో కోర్టులో అటెండరుగా చేశాడట. సాక్షి బోనెక్కితే ప్రమాణం చేయించే పని ఆయనదే.

"నేను చేరిన కొత్తల్లో," అన్నాడు, గులాబీల మీద నీళ్లు చల్లుతూ, "దేవుని ఎదుట అంతా నిజమే చెప్తానని పలికేటప్పుడు మనిషికి కాళ్లు వణికేటివమ్మా. కొందరు సగంలోనే ఏడ్చి, 'నన్ను అబద్ధం చెప్పమని తెచ్చినారు దొరా' అని బయటపడేటోళ్లు. జడ్జి కలం కాదు, ఆ వణుకే సగం కేసులు తేల్చేది. రాను రాను పోయింది. నేను పలికించేది పూర్తిగాకనే వాళ్లే గబగబా పలికేసేటోళ్లు, బస్సు టైమైనట్టు. ఆ వణుకు పోయినాక కోర్టుంటే ఏముంది, గోడలుంటే ఏముంది? ఈ కోట మాదిరే."

"మా ఊళ్లో వణుకు పోలేదప్పా," అన్నాను. "ఆ వణుకునే పట్టుకుని మా నోళ్లు కట్టేసినారు."

కర్పూరం సంగతి, రూతమ్మ సంగతి మొత్తం చెప్పాను. ఆయన నీళ్ల చెంబు కింద పెట్టాడు.

"కోర్టులో మేము ప్రమాణం చేయించేది నోరు తెరవడానికమ్మా," అన్నాడు. "మీకు చేయించింది మూసుకోడానికి. దేవునికి భయపడేటోళ్లు ఉంటే చాలు, రాజ్యం నిలబడతాదని నేను ఇన్నేండ్లు అనుకున్నా. ఆ భయాన్ని గుత్తకు తీసుకునేటోడు ఒకడుంటాడని తోచలే."

గులాబీల పొట్లం ఒకటి కట్టిచ్చాడు, డబ్బు తీసుకోలేదు. "నీ దోస్తు దొరికితే ఆమె చేతికి ఇయ్యి" అన్నాడు.

ధర్మవరం

ధర్మవరంలో వీధి పేరు అడగక్కర్లేదు, చెవులు పెట్టి నడిస్తే చాలు. మరమగ్గాలైతే మిల్లు మోత, చేతిమగ్గాలైతే ఆగి ఆగి ఒక చప్పుడు. అంగళ్లలో ముప్పై వేల చీర అద్దాల వెనక వేలాడుతుంది. దాన్ని నేసినామె గుమ్మంలో నూలు చీర కట్టుకుని బియ్యం ఏరుతుంటుంది. నేను వెతికే ఇల్లు చర్చి వెనక, మరమగ్గాల షెడ్డు పక్కన ఒకటే గది.

రూతమ్మ రాట్నం ముందర కూర్చుని కండెలకు పట్టు దారం చుడుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి చెయ్యి ఆపింది, లేవలేదు.

"ఏమక్కా, ఇంత దూరం వచ్చినావు? చెనక్కాయలు పెరకడానికి మనుషులు దొరకలేదా?"

ఊళ్లో నన్ను అమ్మా అనేది. ఆ రోజు అక్కా అంది. గులాబీల పొట్లం చేతికిచ్చి చాప మీద కూర్చున్నాను. స్టీలు గ్లాసులో నీళ్లిచ్చింది. ముప్పై ఏళ్లలో ఆమె ఇంట్లో నేను నీళ్లు తాగింది అదే మొదటిసారి. వాళ్లాయన ఎక్కడని అడిగాను.

"పోయినాడక్కా, పోయిన వానాకాలంలో. ఈడ బండి వచ్చింది. తారు రోడ్డు మీద తీసుకుపోయినారు. బతికినన్నాళ్లు ఆ వంకను తిట్టినాడు, పోయేటప్పుడు కాలు తడవకుండా పోయినాడు."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. నేను వచ్చిన పని చెప్పాను. శుక్రవారం వేలం, శనివారం ఆఖరు, ఈసారి నా సంతకం ఖాయం, రమ్మన్నాను. ఊళ్లో ఎవరేమన్నా మా ఇంట్లోనే ఉండమన్నాను. ఆ మాట అంటుంటే నాకే కొత్తగా వినపడింది. ఆమె అంతా విని, రాట్నం మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

"నా ఓటు ఈడికి మార్పించుకున్నా. ఆ ఊరి లిస్టులో నా పేరు లేదు. నిలబడాలన్నా నిలబడేదానికి లేదు."

"అయ్యో! నాకు తెలియదే."

"నువ్వు అడగలే కదా."

కండె నిండింది. తీసి పక్కన పెట్టి కొత్తది బిగించింది.

"నువ్వే నిలబడరాదా?"

"నేనా?"

"ఏం, నీకు వంక కనపడదా?"

నేను ఏవేవో చెప్పాను. చదువు లేదన్నాను, వయసైపోయిందన్నాను, మా ఇంటాయన ఒప్పుకోడన్నాను. ఆఖరికి కర్పూరం ఆర్పాను కదా అన్నాను.

రూతమ్మ నవ్వింది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

"మీరు ఆర్పినారు, మీ దీపాలు భద్రంగా ఉండాయి. మేము ఆర్పలే, మా ఇల్లు ఆరిపోయింది. మీ స్వామిని ఒక తూరి అడుగు, లెక్క సరిపోయిందా అని."

పోయేటప్పుడు గుమ్మం దాకా వచ్చి నా కాళ్ల వైపు చూసింది. ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి మస్తాన్ రబ్బరు చెప్పు. గుమ్మం పక్కన విడిచిన తన చెప్పులు నా ముందుకు తోసింది. నేను వేసుకున్నాను. సరిపోయాయి.

మళ్లీ మా ఊరు

బుధవారం సాయంత్రానికి ఇల్లు చేరాను. పట్టుచీర ఏదని ఎవరూ అడగలేదు, నా ముఖం చూసి ఉంటారు. గురువారం పొద్దున డబ్బాలో చెయ్యి పెట్టి ఈసారి నా కార్డే వెతికి తీశాను. మా ఇంటాయన పశువులకు గడ్డి వేసి వచ్చాక చెప్పాను.

"నేను నిలబడతాండా. నువ్వు బలపరిచి సంతకం పెట్టాల."

ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. నిదానంగానే అన్నాడు.

"ఆర్పిన చెయ్యి కదే ఇది. ఈ చేత్తో యాడ రాసేది?"

ఆ మాట ఆయనకు నేను నేర్పలేదు. అయిదేళ్ల కిందట నేను రూతమ్మతో అంటుంటే అరుగు మీద కూర్చుని విన్నాడేమో. నామినేషన్ కాగితం తెచ్చుకుని పదకొండు ఇళ్లు తిరిగాను. నేను పురుడు పోసిన ఇల్లు ఒకటి, జబ్బు చేస్తే నెల రోజులు గంజి మోసిన ఇల్లు ఒకటి. అందరూ చాప వేశారు, కాఫీ ఇచ్చారు, వంక మీద మోరీ కావాల్సిందే అన్నారు. కాగితం తీసేసరికి అరచేతులు చూపించారు. "ఆర్పినాం కదక్కా." ఆడిపోసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. తిట్టి ఉంటే బాగుండేది. రూతమ్మ వీధికి పోతే, ఆమె ఆడబిడ్డ తలుపు సగం తెరిచి, "మేము ఇంకో ఊరు చూసుకోవాల్నా అమ్మా?" అంది. ఆ కాగితం చూపించలేదు, వచ్చేశాను.

శుక్రవారం గుడి నిండిపోయింది. కొత్తగా ఓటు వచ్చిన పిల్లలకు కూడా కర్పూరం ఆర్పించాలని కూర్చోబెట్టారు. నేను టెంకాయ తీసుకుని నేరుగా స్వామి ముందరకు వెళ్లాను. హిందూపురం పూజారి చెప్పినట్టే, నలుగురికీ వినపడేటట్టు చెప్పాను.

"స్వామీ, పోయిన తూరి నీ ముందర ఆర్పింది నాది తప్పు. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటాండా. నా ఓటు నీది కాదు, ఊరిది. గోపురానికి ఇచ్చే హక్కు నాకు లేదు."

మాట్లాడుతుంటే నా కాళ్లు వణికాయి. మస్తాన్ చెప్పిన వణుకు అదేనేమో.

గుడి పెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఏందమ్మా ఇది, నిండు సభలో? టెంకాయ ఇచ్చి పక్కన కూర్చో" అన్నాడు. పూజారి టెంకాయ అందుకోలేదు. నేనే మెట్టుకు కొట్టాను. తరువాత పళ్లెం నా ముందరకు వచ్చింది, కర్పూరం వెలుగుతోంది. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడ్డాను. బిళ్ల పూర్తిగా కాలిపోయి, మసి మిగిలేదాకా పట్టుకున్నాడు ఆ పళ్లెం పట్టుకున్నాయన. తరువాత కొత్త బిళ్ల వెలిగించి పక్కవాళ్ల ముందరకు తీసుకుపోయాడు. వాళ్లు ఆర్పారు. పిల్లలూ ఆర్పారు. ఒక పిల్ల మాత్రం ఆర్పి, తన చెయ్యి చూసుకుని, నా వైపు చూసింది.

వేలం జరిగింది. శనివారం దాకా నా కాగితం మీద ఒక్క సంతకమూ పడలేదు. ఒక కాంట్రాక్టరు పాడుకున్నాడు, వాళ్లావిడ సర్పంచి అయింది. ఒకే నామినేషన్ వచ్చింది కాబట్టి ఊరంతా ఏకగ్రీవమని రాశారు. ఆ రాతలో నేనూ ఉన్నట్టే లెక్క. వేలం మరుసటి రోజు నుంచే మా చేనికి కూలీలు రాలేదు. రూతమ్మ వదిలిన చోటికి నేను వచ్చి నిలబడ్డాను, ఆమె చెప్పుల్లోనే.

ఆ శుక్రవారం గుడిలో నా టెంకాయ చిప్పలు ఎవరూ ముట్టలేదు. ప్రసాదం వదిలేసి రాకూడదని ఏరుకుని ఇంటికి తెచ్చాను. పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరాను. మా ఇంటాయన ముద్దలో కలుపుకుని తిన్నాడు. తింటూ ఒకసారి తన అరచెయ్యి చూసుకున్నాడు. రెండోసారి వేయమని ఆకు ముందుకు జరిపాడు.

ఇంతే నేను తెచ్చిన కథ. చెనక్కాయలు ఒలవడం అయిపోయినట్టుంది, లేవండి. మీ ఇళ్లు చల్లగా ఉండాలి. మీ స్వాములు మీ నోరు తెరిపించే స్వాములు కావాలి. మీ గుమ్మంలోకి ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే, రాసే చెయ్యి ఒక్కటైనా మీ ఇంట్లో మిగిలి ఉండాలి.